నెల్లూరులో నేను చేరిన స్పోకెన్ ఇంగ్లీషు క్లాసు: ‘తే’ దగ్గర విల్ లేదు, ‘తా’ దగ్గర ఉంది

వి.ఆర్.సి. సెంటర్ నుంచి నడిచి పోయేంత దూరంలో, మందుల షాపు పైన రెండో అంతస్తులో నడిచే స్పోకెన్ ఇంగ్లీషు క్లాసు గురించి రాస్తున్నా. 45 రోజులు, ఫీజు 3,500 రూపాయలు, సాయంత్రం ఏడు నుంచి ఎనిమిదిన్నర దాకా. పేరు మాత్రం రాయొద్దని మేడమే అన్నారు, ఉన్న గదిలో ఇంకో కుర్చీ వేయడానికి చోటు లేదు, వచ్చినవాళ్ళని వెనక్కి పంపాల్సి వస్తే ఆమెకి బాధ. కోర్సు మొత్తం గురించి కాకుండా అందులో పది రోజులు చెప్పిన ఫ్యూచర్ టెన్స్ గురించే ఎక్కువ రాస్తా, ఎందుకంటే నేను చేరిందే దానికోసం, నా డబ్బులు గిట్టుబాటు అయింది కూడా అక్కడే.

ఎందుకు చేరానో చెప్తా. నేను రొయ్యల వ్యాపారం చేసే ఆఫీసులో లెక్కలు, మెయిళ్ళు చూసుకుంటాను. చెరువుల దగ్గర పట్టుబడి అయిన వనామీ రకం రొయ్యల్ని ఐసులో వేసి ప్రాసెసింగ్ ప్లాంట్లకి పంపడం మా పని. పోయిన వేసవిలో వేరే రాష్ట్రంలో ఉన్న ఒక ప్లాంటుకి ‘వుయ్ వుడ్ సెండ్ టూ లోడ్స్ ఆన్ థర్స్‌డే’ అని మెయిల్ పెట్టాను. విల్ అంటే మొరటుగా ఉంటుంది, వుడ్ అంటే మర్యాదగా ఉంటుంది అని చదువుకునే రోజుల నుంచి నా మనసులో పాతుకుపోయింది. గురువారం బండ్లు రెండూ వాళ్ళ గేటు దగ్గరికి పోయేసరికి సరుకు దించుకోవడానికి అక్కడ మనుషుల్ని పెట్టుకోలేదు. ఫోన్ చేస్తే కొనుగోళ్ళు చూసే ఆయన అన్నదాని సారాంశం ఏమిటంటే, మీరు పంపుతాం అని రాయలేదు, పంపేవాళ్ళమే అన్నట్టు రాశారు, కుదిరితే ఇంకో మెయిల్ పెడతారని చూస్తూ ఉన్నాను అని. ఎండ మండిపోతోంది, ఐసు కరిగిపోతోంది, డ్రైవరు అరగంటకోసారి ఫోన్ చేసి ‘అక్కా ఏం చేయమంటావ్?’ అంటాడు. సాయంత్రం దాకా ఐసు కొని పోసుకుంటూ నిలబడ్డారు. మా ఓనరు నన్ను ఒక్క మాట కూడా అనలేదు, అదే నాకు ఎక్కువ బాధ అనిపించింది.

వ్యాకరణం నాకు కొత్తేమీ కాదు. డిగ్రీ చదివే రోజుల్లో ఒకచోట రెండు నెలలు నేర్చుకున్నాను. అక్కడ గోడకి పన్నెండు గళ్ళ చార్టు ఉండేది, నాలుగు గళ్ళు పాస్ట్, నాలుగు ప్రెజెంట్, నాలుగు ఫ్యూచర్. ‘ఐ షల్ హావ్ బీన్ గోయింగ్’ దాకా అందరం గొంతు కలిపి చదివేవాళ్ళం. ఇంటికి వచ్చాక ‘రేపు మా చెల్లి వస్తోంది, నేను క్లాసుకి రాను’ అనే మాటని ఏ గడిలో వెతకాలో ఒక్కరికీ తెలిసేది కాదు. చార్టు తప్పని కాదు, ఆ గళ్ళకీ మన నోటికీ మధ్య దారి ఎవరూ వేయలేదు.

ఈ మేడమ్ మొదటి రోజు బోర్డు మీద ఒక్క ఇంగ్లీషు ముక్క రాయలేదు. ‘ఇంటికి పోయి, ఇవాళ రేపటి గురించి మీరు ఫోన్లో ఏమేం మాట్లాడారో మాట్లాడినట్టే తెలుగులో రాసుకు రాండి, సర్ది రాయొద్దు’ అన్నారు. నేను మా రైతుల మాటలు రాసుకుపోయాను. వాటిలో ఐదింటిని ఆమె బోర్డు మీద అట్లే ఎక్కించారు. ‘రేపు తెల్లారి పట్టుబడి పెట్టుకుంటున్నాం.’ ‘ఆగన్నా, నేనే వస్తా.’ ‘మబ్బేసింది, వాన పడేట్టుండాది.’ ‘మావోడు ఈపాటికి గూడూరు దాటుంటాడు.’ ‘పినాకిని రేపు ఎన్నింటికి బయల్దేరుతుంది?’

ఐదూ రాశాక ఆమె అడిగిన ప్రశ్న ఒక్కటే: ఈ ఐదింటిలో మాట్లాడేవాడికి ఎంత ఖాయంగా తెలుసు, ఎప్పుడు తెలుసు? ఐస్ చెప్పి, మనుషుల్ని మాట్లాడి, అంతా కుదుర్చుకున్న రైతు ‘పెట్టుకుంటాం’ అనలేదు, ‘పెట్టుకుంటున్నాం’ అన్నాడు. జరిగేది రేపైనా ఇప్పుడు జరుగుతున్నట్టే చెప్పాడు. ఇంగ్లీషువాడూ అంతే, ‘వుయ్ ఆర్ హార్వెస్టింగ్ టుమారో’. రెండోవాడు ఫోన్లో మాట్లాడుతూ మాట్లాడుతూ అప్పటికప్పుడు నిర్ణయించుకున్నాడు, అది ‘ఐ విల్ కమ్’. మూడోదానికి ఆధారం కళ్ళ ముందే ఉంది, మబ్బు కనిపిస్తోంది కాబట్టి ‘ఇట్ ఈజ్ గోయింగ్ టు రెయిన్’. రైలు సంగతి మన చేతిలో లేదు, టైం టేబుల్లో అచ్చయి ఉంది కాబట్టి రేపటిదైనా ‘లీవ్స్’ అంటే చాలు. నాలుగోది నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం. గూడూరు దాటి ఉంటాడు అన్నది భవిష్యత్తు కానే కాదు, ఇప్పటి గురించి మన అంచనా, అయినా తెలుగులో ‘ఉంటాడు’ అంటాం, ఇంగ్లీషులోనూ ‘హీ విల్ హావ్ క్రాస్డ్ గూడూర్ బై నౌ’ అంటారు. ఎక్కడి ఇంగ్లీషు, ఎక్కడి గూడూరు, రెండు భాషలూ అంచనాకి ఒకే మాట వాడుకుంటున్నాయి!

అక్కడే ఆమె ఒక సంగతి చెప్పారు. పాస్ట్ టెన్స్‌కి ‘వాక్’ కాస్తా ‘వాక్డ్’ అవుతుంది గానీ, భవిష్యత్తుకి అట్లా క్రియలో మార్పు ఇంగ్లీషులో లేదు. అందుకే ఇంగ్లీషుకి ఫ్యూచర్ టెన్స్ అనేదే లేదని చెప్పే భాషా శాస్త్రవేత్తలు చాలామంది ఉన్నారు. పాత ఇంగ్లీషులో రేపటి సంగతికి కూడా ఎక్కువగా ప్రెజెంట్ రూపమే వాడేవాళ్ళట. విల్ అంటే అప్పట్లో కోరుకోవడం, షల్ అంటే బాకీపడి ఉండడం. కోరిక, బాకీ, ఈ రెండే తర్వాత రేపటిని మోసే మాటలయ్యాయి. మనం స్కూల్లో బట్టీ పట్టిన ‘ఐ, వుయ్ వస్తే షల్, మిగతావాటికి విల్’ అనే రూలు 1653లో జాన్ వాలిస్ లాటిన్‌లో రాసిన ఇంగ్లీషు వ్యాకరణంలో ఉంది. ఆయన గణిత శాస్త్రవేత్త కూడా, అనంతానికి మనం వేసే అడ్డంగా పడుకున్న ఎనిమిది గుర్తు ఆయన పెట్టిందే. ఇప్పుడు మాటల్లో ఆ రూలు దాదాపు ఎవరూ పాటించరు, ‘ఐ విల్’ అంటే తప్పేమీ లేదు. షల్ ఇప్పుడు ముఖ్యంగా రెండు చోట్ల బతికి ఉంది. ఒకటి ‘తలుపు వేయనా?’, ‘పోదామా?’ అని అడిగేటప్పుడు, ‘షల్ ఐ క్లోజ్ ద డోర్?’, ‘షల్ వుయ్ గో?’ రెండోది అగ్రిమెంటు కాగితాల్లో, ‘ద సప్లయర్ షల్ డెలివర్’ అంటే సరుకు ఇచ్చి తీరాలి, అక్కడ ఆ పాత బాకీ అర్థమే నిలబడి ఉంది. మా ఆఫీసులో అగ్రిమెంట్లు ఎన్నోసార్లు చదివాను, ఆ షల్ బరువు నాకు ఆరోజే తెలిసింది.

మూడో రోజు మన తెలుగు మనల్ని ఎక్కడ పడేస్తుందో చూపించారు. ‘రోజూ ఐదింటికి లేస్తా.’ ‘రేపు ఐదింటికి లేస్తా.’ తెలుగులో రెండూ ‘లేస్తా’నే. అందుకే ఇంటర్వ్యూలో మన పిల్లలు ‘డైలీ ఐ విల్ గెట్ అప్ ఎట్ ఫైవ్’ అంటారు. క్లాసులో ముప్పై మందిమి ఉంటే అందరి నోటా అదే వచ్చింది, నాతో సహా. అలవాటుకి విల్ పెట్టకూడదు, ‘ఐ గెట్ అప్’ అంతే. పరీక్ష సులువు: ముందు ‘రోజూ’ పెట్టి చూడు, అతికితే విల్ తీసెయ్, ‘రేపు’ మాత్రమే అతికితే ఉంచు. ఇంకోటి, ఎవరి ఇంటి నుంచైనా లేచేటప్పుడు ‘పోతా’ అనడం మనకి అశుభం, ‘వస్తానండీ’, ‘పోయొస్తా’ అంటాం. దాన్ని ‘ఐ విల్ కమ్’ అని చెప్పి లేస్తే తెలుగు రానివాళ్ళు మనం మళ్ళీ ఎప్పుడొస్తామా అని చూస్తూ కూర్చుంటారు. అది వీడ్కోలు, ‘సీ యూ’ అంటే సరిపోతుంది.

ఇక అసలు పాఠం రొట్టెల పండుగ పాఠం. ఇది నేను జన్మలో మర్చిపోను. మొహర్రం నెలలో బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో రొట్టెలు మార్చుకుంటారు కదా, కోరిక ఉన్నవాళ్ళు ఉద్యోగ రొట్టె, పెళ్ళి రొట్టె, సంతాన రొట్టె అని తీసుకుంటారు, కోరిక తీరితే మరుసటి ఏడు వచ్చి రొట్టె వదులుతారు. మేడమ్ అందరినీ అడిగారు, నీళ్ళలో నిలబడి రొట్టె చేత్తో పట్టుకున్నప్పుడు మనసులో ఏమనుకుంటారో ఇంగ్లీషులో చెప్పండి అని. బుచ్చి నుంచి వచ్చే డిగ్రీ అయిపోయిన కుర్రాడు లేచి ‘ఇఫ్ ఐ విల్ గెట్ జాబ్, నెక్స్ట్ ఇయర్ ఐ బ్రింగ్ రొట్టె’ అన్నాడు. విల్ ఉండకూడని చోట ఉంది, ఉండాల్సిన చోట లేదు. మేడమ్ దిద్దలేదు. ‘అదే తెలుగులో చెప్పు నాయనా’ అన్నారు. వాడు ‘ఉద్యోగం వస్తే రొట్టె తెస్తా’ అన్నాడు. ఆమె బోర్డు మీద ఆ నాలుగు మాటలు రాసి, ‘వస్తే’లో ‘తే’ చుట్టూ ఒక సున్నా, ‘తెస్తా’లో ‘తా’ చుట్టూ ఒక సున్నా చుట్టారు. ‘తే దగ్గర విల్ రాదు, తా దగ్గర వస్తుంది’ అన్నారు. అంతే. ‘ఇఫ్ ఐ గెట్ ఎ జాబ్, ఐ విల్ బ్రింగ్ ఎ రొట్టె’. వాడి ముఖం చూడాలి అప్పుడు. పదేళ్ళుగా ఇఫ్, వెన్, విల్ అని కలగాపులగం అయినది ఒక్క సున్నాతో తేలిపోయింది.

తర్వాత అందరం దాన్ని పట్టుకుని పరీక్షలు పెట్టుకున్నాం. ఆయన వచ్చాక చెప్తా, ‘వెన్ హీ కమ్స్, ఐ విల్ టెల్ యూ’. నువ్వు వచ్చేదాకా ఉంటా, ‘ఐ విల్ వెయిట్ అంటిల్ యూ కమ్’. వాన పడేలోపు పోతాం, ‘బిఫోర్ ఇట్ రెయిన్స్’. వచ్చాక, వచ్చేదాకా, పడేలోపు, వీటిలో దేనికీ చివర ‘తా’ లేదు, విల్లూ లేదు. రూలు పుస్తకంలో ఇదే ఉంటుంది, కండిషన్ చెప్పే ఇఫ్, టైమ్ చెప్పే వెన్, అంటిల్, బిఫోర్ తర్వాత ప్రెజెంట్ వాడాలి అని. కానీ రూలు తల్లో ఉంటుంది, తే, తా నోట్లో ఉంటాయి. ఫోన్ మాట్లాడేటప్పుడు తల్లోది బయటికి రావడానికి టైం పడుతుంది, నోట్లోది వెంటనే వస్తుంది.

‘ఐదింటికి’, ‘ఐదింటికల్లా’, ‘ఐదింటిదాకా’ కూడా ఇట్లాగే చెప్పారు. మొదటిది ఎట్, రెండోది బై, మూడోది అంటిల్. ‘ఐదింటికల్లా లోడ్ చేసేసి ఉంటాం’ అంటే ‘వుయ్ విల్ హావ్ లోడెడ్ ద ట్రక్ బై ఫైవ్’. చార్టులో ఫ్యూచర్ పర్ఫెక్ట్ అని నేను భయపడిన గడి ఇదేనా అనిపించింది, మా ఓనరు రోజుకి పదిసార్లు అనే మాట అది!

వుడ్ సంగతి నేనే అడిగాను, నా మెయిల్ కథ అందరి ముందూ చెప్పి. గొంతు కొంచెం వణికింది కూడా. మేడమ్ ఆ వాక్యాన్ని బోర్డు మీద రాసి, పక్కన ‘పంపేవాళ్ళం’ అని రాశారు. పంపేవాళ్ళం అంటే వినేవాళ్ళు ‘మరి ఏమైంది?’ అని అడుగుతారు కదా, వుడ్ ఒంటరిగా వస్తే ఇంగ్లీషులోనూ అదే, వెనక ఏదో ‘కానీ’ ఉన్నట్టే. అడగడానికి మాత్రం వుడ్ మర్యాదే, ‘వుడ్ యూ ప్లీజ్ సెండ్’ అనొచ్చు. మాట ఇచ్చేటప్పుడు మాత్రం విల్. మాట ఇవ్వడంలో మర్యాద అంటే గట్టిగా ఇవ్వడమే అన్నారు. మన దగ్గర ఆఫీసుల్లో ‘ఐ వుడ్ బి కమింగ్ టుమారో’ అని రాసేవాళ్ళు ఎంతమందో, మీ మెయిల్ బాక్సు ఒకసారి తెరిచి చూడండి.

మర్యాదకి ఆమె చూపించిన దారి వేరే. ‘విల్ యూ కమ్ టుమారో?’ అంటే రమ్మని అడిగినట్టు ఉంటుంది, ‘విల్ యూ బి కమింగ్ టుమారో?’ అంటే మీ ప్లాన్ ఏమిటో తెలుసుకోవడానికి అడిగినట్టు, ఒత్తిడి పెట్టకుండా ఉంటుంది. ‘వస్తారా?’కీ ‘వస్తున్నారా?’కీ మధ్య ఉన్న తేడా లాంటిదే. కొనేవాళ్ళతో మాట్లాడేటప్పుడు ఇప్పుడు నేను ఇదే వాడుతున్నాను.

బాగాలేనివి కూడా చెప్పాలి, లేకపోతే ఇది రాసి ప్రయోజనం లేదు. ముప్పై మందికి రెండే ఫ్యాన్లు, మే నెలలో చేరితే చెమటకి నోట్సు తడిసిపోతుంది. మెట్లు ఇరుకు, లిఫ్టు లేదు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి కష్టం. ఇచ్చే జిరాక్సు నోట్సు మరీ పాతది, దాంట్లో మళ్ళీ ఆ పన్నెండు గళ్ళ చార్టే ఉంది, మేడమ్ బోర్డు మీద చెప్పినదానికీ దానికీ సంబంధమే లేదు. బోర్డు మీదిది సొంతంగా రాసుకోవాలి, రెండు రోజులు మానేస్తే ఆ పాఠం ఇంక ఎక్కడా దొరకదు. ఆ తే, తా పాఠం అచ్చు వేయించి ఇస్తే ఎంతమందికి పనికొస్తుంది, నేను రెండుసార్లు అడిగాను కూడా.

ఉచ్చారణకి సరిగ్గా టైం ఇవ్వలేదు. ‘వోంట్’, ‘వాంట్’ తేడా పావుగంటలో ముగించేశారు. ఫోన్లో ‘ఐ వోంట్ కమ్’ అనబోయి ‘వాంట్’ అంటే రానన్నవాడు వస్తానన్నట్టు అవుతుంది, మా పనిలో అది చిన్న తేడా కాదు. పెదాలు గుండ్రంగా చుట్టి ‘ఓ’ని సాగదీయాలి అని చెప్పారు గానీ ఒక్కొక్కరి చేత అనిపించి వినలేదు. ఆఖరి వారంలో పాసివ్ వాయిస్, రిపోర్టెడ్ స్పీచ్ అన్నీ పరుగులు పెట్టించారు. రాత పనిని దిద్ది ఇవ్వడం అనేదే లేదు, నాలాగా మెయిళ్ళ కోసం చేరినవాళ్ళకి అది పెద్ద లోటు. నా మెయిళ్ళు నేను క్లాసు అయ్యాక నిలబడి చూపించుకున్నాను, ఆమె ఓపికగా చూశారు, అది కోర్సులో భాగం కాదు, ఆమె మంచితనం.

ఎవరు చేరొచ్చు అంటే, టెన్త్‌లోనో ఇంటర్‌లోనో గ్రామర్ చదివి, మార్కులు కూడా వచ్చి, నోరు తెరవాల్సి వచ్చేసరికి టెన్షన్ పడేవాళ్ళు కళ్ళు మూసుకుని చేరొచ్చు. ఏ బి సి డిల దగ్గర నుంచి మొదలుపెట్టేవాళ్ళకి మాత్రం వేగం ఎక్కువ. ఐఈఎల్‌టీఎస్ లాంటి పరీక్షలకి అయితే వేరే చోట చూసుకోండి, ఇక్కడ ఆ ప్రాక్టీసు ఉండదు. ఫీజు రెండు విడతలుగా కట్టొచ్చు, మొదటి మూడు రోజులు ఊరికే కూర్చుని విని నచ్చితేనే కట్టమంటారు. నా లెక్కలో ఐదుకి నాలుగు, ఆ ఒక్కటీ నోట్సు వల్ల తగ్గించాను.

కింద బైకులు పెట్టుకోవడానికి చోటు లేదు, పక్క సందులో పెట్టుకోవాలి. ఎనిమిదిన్నర అంటారు గానీ డౌట్లు అడిగేవాళ్ళుంటే తొమ్మిది అవుతుంది, కోవూరు, బుచ్చి వైపు పోయే ఆడపిల్లలు బస్సు టైం చూసుకుని చేరండి, లేదా తలుపు దగ్గర కుర్చీలో కూర్చుంటానని మేడమ్‌కి ముందే చెప్పండి, లేచి పోయినా ఏమీ అనుకోరు.